నీసు కాని ముక్క

మార్చి 8, 2025. శనివారం

నాన్న రక్తం నేనే తీశాను. శాంపిల్ నేనే మెషీన్‌లో పెట్టాను. ఒంట్లో ప్రోటీన్ ఎంతుందో చెప్పే ఆల్బుమిన్ 2.4. మూడున్నరకు తగ్గకూడదు. ఇంకోసారి పెట్టాను. అదే.

సూర్యాపేటలో ఈ ఆసుపత్రి ల్యాబ్‌లో చేరి ఏడు నెలలైంది. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. ఇన్నాళ్లూ వేరేవాళ్ల రిపోర్ట్‌లు టైప్ చేశాను. ఈరోజు దుర్గయ్య, 52, మేల్ అని కొడుతుంటే వేళ్లు ఆగిపోయాయి.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో బస్తాలు దించుతుంటే ఇనుప కొక్కెం నాన్న కాలి మీద పడింది. ఆరు వారాలైనా బొటనవేలి పుండు మానడం లేదు. డాక్టర్ గారు సూటిగా చెప్పారు. షుగర్ లేదు, ఒంట్లో ప్రోటీనే లేదు. గుడ్లు, మాంసం, చేపలు పెట్టండి. ఏప్రిల్ 19కి పుండు ఎండటం మొదలవకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుంది.

నాన్న తల అడ్డంగా ఊపాడు. ఏసయ్య శ్రమల దినాలు సార్, ఈస్టర్ దాంక నీసు ముట్ట అన్నాడు. గుడ్డు కూడా నీసే అన్నాడు. బిడ్డకు నౌకరొస్తే నలభై దినాలు నీసు లేకుంట ఉంటనని దేవునికి మాటిచ్చిన, ఆయన ఇచ్చిండు, ఇప్పుడు నేను తప్పాల్నా అని డాక్టర్ గారినే అడిగాడు.

ఈస్టర్ ఏప్రిల్ 20. నా ఉద్యోగం కోసం మొక్కిన మొక్కు నాన్న వేలి మీదికి వచ్చింది.

మార్చి 9. ఆదివారం. పెన్‌పహాడ్, ఇంట్లో

పప్పన్నం రెండు ముద్దలు తిని లేచాడు. పాలు తాగితే కడుపుబ్బరం. మీల్‌మేకర్ వండితే, ఏందే లింగమ్మా, స్పాంజి వండినవా అని అమ్మను అడిగాడు. సాయంత్రానికి జ్వరం తగిలి నోరు చేదవుతుంది. ఆకలయ్యేది పొద్దున ఒక్క పూటే. ఏం పెట్టినా టిఫిన్‌లోనే పెట్టాలి.

మార్చి 16. ఆదివారం

దోశ పిండిలో రెండు గుడ్లు కొట్టి కలిపాను. నాన్న ఒక తుంపు నోట్లో పెట్టుకుని నా వైపు చూశాడు. బయటికి పోయి పుక్కిలించి వచ్చాడు.

మార్చి 19. బుధవారం

నేను కిరాయికుండేది గిరిజ ఆంటీ వాళ్ల మేడ మీద గదిలో. వాళ్లది వడ్ల వ్యాపారం. ఆ ఇంట్లో ఎన్ని తరాల నుంచో ఎవరూ గుడ్డు కూడా ముట్టరు. ఈరోజు ఆంటీ ఒక సంచిని ఒంటికి దూరంగా పట్టుకుని తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. కోదాడలో ఉండే కూతురు రచన అక్క పంపిన డబ్బాలు. అక్క పిల్లలకు పొద్దున టిఫిన్ ఇవేనట. శాకాహారమేనంట గని, జర ఆ బొమ్మ సూడు, అచ్చం మాంసమే, నా వంటింట్ల పెడితే దేవుడు లేచిపోతడు, నువ్వే ఏమన్న చేస్కో కృపా అంది.

ఆరు డబ్బాలు. సోయాతో, గోధుమ ప్రోటీన్‌తో మాంసం ముక్కల్లా పొడుగ్గా చేసిన సాసేజ్‌లు. పక్కన ఆకుపచ్చ చుక్క. వెనక ఉన్న చిన్న అక్షరాలన్నీ చదివాను. మాంసం లేదు, గుడ్డు లేదు. వంద గ్రాములకు పద్దెనిమిది గ్రాముల ప్రోటీన్. డబ్బా పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను.

డ్యూటీకి పోయాక డాక్టర్ గారికి చూపించాను. ఉప్పు ఎక్కువ, బాగా కడిగి పెట్టు, పొద్దునకు మూడు చాలు, మిగతా పూటలు పప్పు తినమను అన్నారు.

మార్చి 23. ఆదివారం

ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి పెనం మీద ఎర్రగా వేయించాను. అమ్మ తొంగి చూసి, ఇవేంది బిడ్డా, సంటిపిల్లల వేళ్ల లెక్కున్నయ్ అంది. నాన్న రెండు తిన్నాడు. నాన్న అలా ఇష్టంగా నమలడం చూసి ఎన్ని రోజులైందో. మూడోది తీసుకుని ఆగాడు. పళ్లెం పక్కకు జరిపాడు.

ఇది నీసే అన్నాడు. నీసు కాకపోతే ఇంత రుచి ఎట్లొస్తది అన్నాడు.

చుక్క చూపించాను. సుక్క ఎవడన్న పెడతడు అన్నాడు. వెనక ఉన్నదంతా చదివి వినిపించాను. నువ్ సదివిందే అండ్ల ఉన్నదని నాకేం ఎరుక, మొన్న దోశల ఏమేసినవో చెప్పినవా అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

రేషన్ కార్డు, బ్యాంకు కాగితం, దవాఖాన చీటీ. ఆరో తరగతి నుంచి ఈ ఇంటికి వచ్చిన ప్రతి కాగితం నేనే చదివాను. నువ్వు చదివింది నిజమేనా అని ఎవరూ అడగలేదు. ఆ నమ్మకాన్ని రెండు గుడ్లతో పోగొట్టుకున్నాను.

మార్చి 24

నేను ఏడవడం ఆంటీ విన్నది. అంతా చెప్పాను, గుడ్ల సంగతి కూడా. నా మాట మీద మీ నాయినకు నమ్మకం కుదురుతదా అని అడిగింది. మాట మీద కుదరదు, మీరు తింటే కుదురుతుంది అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆంటీ కిందికి పోయింది.

మార్చి 26. బుధవారం

ఆంటీ పొద్దున్నే పూజ చేసుకుని నాతో పెన్‌పహాడ్ బస్సెక్కింది. ఆంటీ భర్త నరసింహారావు అంకుల్ కారు తీస్తానన్నాడట. నువ్వొస్తే మధ్యల మనసు మారుస్తవ్ అని ఆంటీయే వద్దన్నదట.

ఆంటీలాంటి వాళ్లు మా వాడకు వచ్చి గడప బయటే మాట్లాడి పోవడం చూశాను. లోపలికి వచ్చి కూర్చోవడం చూడలేదు. ఆంటీ నాన్న మంచం పక్కన చాప మీద కూర్చుని పళ్లెం అడిగింది. అమ్మ పళ్లెం మూడుసార్లు కడిగింది. అందరి ముందే డబ్బా తెరిచి, కడిగి, వేయించి పెట్టాను.

ఆంటీ కళ్లు మూసుకుని ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్లలో నీళ్లొచ్చాయి. చింతకాయ తొక్కుందా అని అడిగి, అది నంజుకుని ఇంకో ముక్క తిన్నది. ఇగ సాలమ్మా, తినకుండ్రి అని నాన్నే ఆపాడు.

పుట్టినప్పటిసంది నేను నీసు ముట్టలే దుర్గయ్యా, ఇది నీసయితే నీతోపాటు నేనూ ఖరాబైనట్టే, అయినా దీంట్ల నీకేం రుచి దొరికిందో గని అంది. నాన్న నవ్వాడు.

అప్పుడు నాన్న ముందు కూర్చున్నాను. గుడ్లు కలిపింది తప్పే, నీకు చెప్పకుండా ఇంకెప్పుడూ ఏమీ పెట్టను అన్నాను. నాన్న పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.

పోయేముందు ఆంటీ నీళ్లు అడిగింది. అమ్మ కొత్త గ్లాసు కోసం వెతుకుతుంటే, కుండ మీదున్న మా గ్లాసే ముంచుకుని తాగింది.

తిరుగు బస్సులో థ్యాంక్స్ చెప్పబోయాను. ఇప్పుడు మాట్లాడియ్యకు కృపా, ఆ రుచి ఇంక నోట్లనే ఉన్నది అంది. సూర్యాపేట వచ్చేదాకా యాలకులు నములుతూనే ఉంది.

ఏప్రిల్ 6

రచన అక్క కోదాడ నుంచి ఇంకో ఎనిమిది డబ్బాలు పంపింది. నేను అడగలేదు.

ఏప్రిల్ 12

పుండు అంచున గులాబీ రంగు. ఫోన్‌లో ఫోటో తీసుకుని డ్యూటీలో నాలుగుసార్లు చూశాను.

ఏప్రిల్ 19. శనివారం

ఆల్బుమిన్ 3.1. ఈసారీ రెండుసార్లు పెట్టాను. డాక్టర్ గారు కట్టు విప్పి చూసి, వేలు ఉంటుంది అన్నారు. నాన్న చెప్పులు వేసుకుని బయటికి వచ్చాడు. రెండు కాళ్లకూ.

ఆంటీకి మెట్ల మీదే చెప్పాను. లోపలికి పోయి దీపం వెలిగించింది. ఈ రాత్రి నా ప్రార్థనలో ఆమె పేరు, రచన అక్క పేరు ఉంటాయి.

ఏప్రిల్ 20. ఈస్టర్

నాన్న కొత్త మాత్ర చేతిలో పెట్టుకుని, ఇది తినకముందుదా, తిన్నంకదా అని అడిగాడు. చీటీ చదివి, తిన్నాక అన్నాను. కోడికూర తిన్నాడు. మాత్ర మింగాడు.