రెండు పీల్పుల మధ్య నిమిషం

మన పులానే వాళ్ల నాన్నా,

మొక్కజొన్న పిండి పాపా ముద్ద, ఆకుకూర మూత కింద ఉన్నాయి. లేవగానే గోధుమరంగు డబ్బీలోని పీల్చే మందు తీసుకోండి, ఆయాసం లేకపోయినా సరే. డబ్బీ బాగా ఊపి, ఊపిరంతా వదిలేసి, మందు నెమ్మదిగా పీల్చి లోపలే పట్టి ఉంచండి. తర్వాత నోరు పుక్కిలించండి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది. అలవాటు పడిపోతామేమోనన్న భయం అక్కర్లేదట.

ఇవన్నీ మీరు పక్కింటి మాథాటోను అడిగారు. చనిపోయిన ఆమె భర్తదీ ఇదే గని జబ్బు కాబట్టి ఆమెకు తెలుసన్నారు. నేను నిన్న మసేరు పట్నం ఆసుపత్రికి వెళ్లి నర్సును ఒక్కొక్కటీ అడిగి వచ్చాను. "మందు మీ ఆయనకా, నీకా తల్లీ?" అని నవ్విందామె.

రెండు పీల్పుల మధ్య నిమిషం ఆగాలట. మీరు ఆ నిమిషం మాథాటో గుమ్మంలో కూర్చుని ఆగుతారు. ఏం మాట్లాడుకుంటారో గోడ ఇవతలికి వినిపించదు, నవ్వు మాత్రం వినిపిస్తుంది. నా దగ్గర మీకు దగ్గే వస్తుంది.

మందు పీల్చడానికి ఆమె కోసి ఇచ్చిన కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా ఇక వద్దు. నేనూ ఒక సీసా అడుగున, డబ్బీ మూతి బిగుతుగా పట్టేలా, కాల్చిన తీగతో కన్నం చేశాను. బల్ల మీద ఉంది. పక్కలనుంచి మందు పోతుంటే నాకు చెప్పండి, ఆమెకు కాదు. ఫ్యాక్టరీ బండి వచ్చేసింది.

పులానే అమ్మ

ఊపిరి అందకపోతే నీలం డబ్బీ. అప్పటికీ తగ్గకపోతే నాకోసం చూడకుండా మాథాటోను కేకేయండి. తలుపు గడియ వేయకండి. ఆమె ఇచ్చిన సీసా నేను పారేయలేదు, కిటికీలోనే ఉంది.