మెడలో టేపు తీయకుండా రా

అమ్మకు,

పెద్దమ్మాయి నమస్కారాలు. ఇక్కడ నేనూ నీ అల్లుడూ కులాసా. అక్కడ నువ్వూ పిన్నీ కులాసాగానే ఉన్నారని తలుస్తాను. నీ కుట్టుమిషను ఎలా ఉందని అడక్కపోతే నీకు కోపం వస్తుంది కాబట్టి, అదీ అడిగాననుకో. పిన్నీ, ఇది నువ్వే చదివి వినిపిస్తావని తెలుసు. మధ్యలో నవ్వొస్తే ఆగి నవ్వు, అంతేగానీ ఒక్క ముక్క కూడా మింగేయకు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావా? ఫోన్లో కంటి ఆపరేషన్ మాట ఎత్తానో లేదో నీకు పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. ఏ వేళప్పుడు చేసినా పొంగుతాయి. ఉత్తరానికి ఆ బెడద లేదు.

ఆస్పత్రిలో నా పనేమిటని నీ కుట్టు దుకాణానికి వచ్చేవాళ్ళు అడిగితే ఏం చెప్పనన్నావు. "కంప్యూటర్లు చూస్తుంది" అంటే, చూసినందుకే జీతమా అని ఒకావిడ నవ్విందట. సరే, విను. మా నర్సుల బల్లల మీద తెర, కీబోర్డు, అరచేతిలో పట్టే ఓ చిన్న డబ్బా ఉంటాయి. ఆ డబ్బాలో దాదాపు ఏమీ ఉండదు. అసలు యంత్రాలు కింది అంతస్తులో, స్వెట్టరు లేనిదే నిలబడలేని చల్లటి గదిలో ఉంటాయి. అవి పెద్దవి, కొన్నే. ఒక్కోదాన్ని బోలెడు కంప్యూటర్లుగా విడగొట్టి నడిపే ఏర్పాటు ఉంది. నువ్వు ఒక తానులోంచి బడి పిల్లలందరికీ యూనిఫారాలు తీసినట్టు. పైన నర్సు తన పేరూ పాస్‌వర్డూ కొట్టగానే, గుమ్మం దగ్గర కాపలా ఉన్నట్టుండే ఇంకో ప్రోగ్రాము ఈవిడెవరు, ఏ వార్డు అని చూసుకుని, ఖాళీగా ఉన్న ఒక కంప్యూటరుని ఆవిడకి అప్పగిస్తుంది. పని ముగించి ఆవిడ బయటికి రాగానే ఆ కంప్యూటరు చెరిగిపోతుంది. మళ్ళీ వస్తే కొత్తది. కంగారుపడకు, రోగుల వివరాలూ ఎవరి కాగితాలు వాళ్ళవీ వేరే చోట భద్రంగా ఉంటాయి. ఏ బల్ల దగ్గర కూర్చున్నా వెంట వస్తాయి.

మరి ఈ కొత్తవన్నీ ఎక్కణ్ణించి వస్తాయి? ఒక మూలప్రతి ఉంటుంది, నువ్వు గోడ మేకుకి తగిలించే అట్ట కటింగు లాంటిది. అందులో ఎలా ఉంటే ఆస్పత్రి అంతటా అలాగే. దాన్ని తయారుచేసేది నేను. అట్టలో మెడ తప్పితే అందరి చొక్కాలకీ మెడ తప్పుతుందని నా చెవిలో జోరీగలా రొద పెట్టేదానివి కదా, ఆ మాట ఇంకాసేపట్లో నాకే తగలబోతోంది.

ఇక నీ కళ్ళ సంగతి. ఎడమ కన్నే కాస్త మసక, కుడి కన్ను కత్తిలా ఉందని రాయించావు. పిన్ని ముత్యాల్లాంటి దస్తూరీలో కూడా ఆ మాట అతకలేదు. పోయినసారి వచ్చినప్పుడు నీలం కాలరుకి నల్లదారంతో కుట్టడం నేను చూశాను. దుకాణంలో మనుషులున్నారని నోరు మూసుకున్నాను. దారం రంగు తెలియనినాడు నువ్వు మిషను ముట్టవు. మిషను ముట్టనినాడు నువ్వు నువ్వులా ఉండవు. నా బెంగంతా అదే. మా ఆస్పత్రిలో ఆపరేషన్ చేయిద్దాం రమ్మంటే నువ్వేమో, "నువ్వు తప్ప నన్నెరిగిన మనిషి ఒక్కరూ లేనిచోట నా కళ్ళు ఎవరి చేతుల్లో పెట్టను?" అన్నావు. దానికి ఇప్పుడు నా దగ్గర జవాబుంది, కానీ అది చెప్పాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి.

నువ్వు సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు ఫోటో తీశాను, గుర్తుందా? మెడలో టేపు, పెదాల మధ్య దారం కొస, ఒక కన్ను మూసి సూది మీద పగబట్టినట్టు చూస్తూ ఉంటావు. ఎవరికీ చూపించనని ఒట్టేశాను. కిందటి వారం కొత్త తెరల్లో రంగులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూద్దామని దాన్నే మూలప్రతిలో తెర మీది బొమ్మగా పెట్టాను. నీ వెనకాల అన్ని రంగుల దారపు ఉండలూ ఉన్నాయి మరి. చూశాను, బాగున్నాయి, తీయడం మరిచిపోయాను. అలాగే ఆస్పత్రి అంతటికీ వదిలేశాను. తెల్లారి ఎవరు తెర తెరిచినా నువ్వే. రిసెప్షన్లో, స్కానింగ్ గదిలో, పిల్లల వార్డులో, మందుల కౌంటర్లో. తెర మీద బొమ్మ ఎవరికివారు మార్చుకునే వీలు మేమే లేకుండా చేశాం కాబట్టి నిన్ను చూడక ఎవరికీ తప్పలేదు.

మా ఆఫీసరు పిలిచి గొంతు పెంచకుండా తిట్టారు, అది ఇంకా కష్టం. పాత ప్రతి దాచే ఉంచుతాం గనక వెంటనే వెనక్కి మార్చాను. ఒకసారి బయటికెళ్ళి లోపలికి వస్తే పాత తెరే వస్తుందని అందరికీ కబురు పెట్టాను. మందుల కౌంటరు ఆవిడ మాత్రం డ్యూటీ అయ్యేదాకా ఆ తెర వదలనంది. ఆ పెద్దావిడ అలా చూస్తుంటే చెయ్యి తప్పు చేయడానికి జంకుతోందట.

మధ్యాహ్నం కంటి డాక్టరు స్వయంగా మెట్లు దిగి నా గదికి వచ్చారు. ఇంకో విడత చీవాట్లనుకున్నాను.

"ఎవరమ్మా ఈ టైలరుగారు?" అని అడిగారు. మా అమ్మేనన్నాను. "మూసింది కుడి కన్ను. సూది ఎక్కించేటప్పుడు బాగా కనిపించే కన్ను ఎవరు మూసుకుంటారు? తీసుకురండి, ముందు అదే చూద్దాం" అన్నారు.

కత్తిలాంటి కన్ను గుట్టు అలా రట్టయింది, ఇక బుకాయించకు. ఆయన వెళ్ళాక నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే హాయిగా కూడా అనిపించింది.

కోపం తీరేదాకా తిట్టు, తిట్టాక బయల్దేరు. పిన్నిని వెంటబెట్టుకురా. నీ అల్లుడు స్టేషనుకి వస్తాడు. నిన్నెరిగిన మనిషి లేనిచోటు అన్నావు గానీ, ఇప్పుడు ఈ ఆస్పత్రిలో నిన్నెరగని మనిషి లేదు. రిసెప్షన్ అమ్మాయి నువ్వెప్పుడొస్తావని రోజూ అడుగుతోంది. నీ పేరు కూడా అడగనంటోంది. కాకపోతే ఒక్క మాట, మెడలో టేపు మాత్రం తీయకుండా రమ్మంది. అది లేకపోతే నిన్ను గుర్తుపట్టడం కష్టమట.

ఇట్లు,
ఒట్టు తప్పిన
నీ పెద్దమ్మాయి