చీటీల్లో కలిసిన పేరు

తిరుపతి, సోమవారం

నాయనా, ఇక్కడ పిల్లలూ నేనూ క్షేమం. నీ చేతిరాత చూస్తేగానీ నా మనసు నిలిచేలా లేదు.

నీ ఆరోగ్యం కోసం ప్రార్థించమని నిన్న చర్చిలో చీటీ ఇచ్చాను. క్రిస్మస్ హడావిడిలో అది ఈ ఏడు పోయినవాళ్ల చీటీల్లో కలిసింది. పదకొండు గంటలప్పుడు పాస్టరుగారు "రాజారత్నం" అని నీ పేరు చదివి, అందరినీ లేచి నిలబడమన్నారు. పొరపాటని చెప్పాల్సిన నేనే లేచి తల వంచాను. కళ్లు నిండాయి. పక్కనున్న సుబ్బులమ్మవ్వ, "ఏల మే ఏడస్తావు? మీ నాయన ఈడనే నిలబడుండాడు. ఆ సంచి తీయ్, కూసుంటాడు" అనింది. ఇంత చదువుకుని, ఖాళీ కుర్చీ మీది సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

తరువాత పాస్టరుగారు తప్పు ఒప్పుకున్నారు. "ఇంక మీ నాయనకు నూరేండ్లు గట్టి లేమ్మా" అని అందరూ నవ్వారు. అవ్వ మాత్రం కుర్చీ వైపు తిరిగి, "పోయొస్తావా అబ్బా" అనింది.

వెంటనే ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు. సాయంత్రం ఎత్తి, "పదకొండప్పుడు కునుకు పట్టింది మే" అన్నావు.

బీపీ మాత్రలు ఆపొద్దు. కజ్జికాయలకు కొబ్బరి మోసుకురావద్దు, ఇక్కడ దొరుకుతుంది. పండక్కి ఒక్కడివే బస్సెక్కకుండా తమ్ముడితో రా. నిన్నటి కునుకులో కలేమైనా వచ్చిందా? ఎవరిచేతా రాయించకుండా నువ్వే రాయి.

ప్రభువు నిన్ను ఇంకా కొన్నేళ్లు మాకే ఉంచుగాక.

నీ అమల