పాత ప్రెసిడెంటుగారి నీళ్ళు

ఫరీదాబాద్,
ఏప్రిల్ 2004

చి.సౌ. హైమవతికి,

భీమశంకరం బాబాయి ఆశీస్సులు. పన్నెండేళ్ళలో ఒక్కసారి ఎన్నికలు పెడితే, నన్ను ఓడించి మన వైశాలి అపార్ట్‌మెంట్లకు ప్రెసిడెంటువయ్యావు. నాకేం కోపం లేదు. అమ్మాయి ఇంట్లో సుఖంగానే ఉన్నాను. కానీ పొద్దున్నే మెలకువ వస్తే ఆ రోజులే గుర్తొస్తాయి. అందరూ బకెట్లతో మెట్ల దగ్గర నిలబడి "నమస్తే, ప్రెసిడెంట్ సాబ్" అనేవారు. ఇక్కడ పలకరించే దిక్కు లేదు.

ఆశీస్సులతో,
భీమశంకరం

తా.క.: టీవీ రిమోట్ కూడా నా చేతికివ్వరు.

వైశాలి

బాబాయిగారికి నమస్కారాలు.

మీరు నియంత అని ఇంటింటికీ తిరిగి చెప్పి గెలిచినదాన్ని, ఇప్పుడు మీకే మొర పెట్టుకుంటున్నాను. ట్యాంకు నిండడం లేదు, నీళ్ళు అరగంటే. మీరు మీ ఎ-బ్లాకుకు గంటసేపు ఇచ్చేవారు. నేను అందరికీ సమానంగా పంచాను, అందరూ సమానంగా తిడుతున్నారు. అప్పట్లో మిమ్మల్ని తిట్టిన ఖన్నాగారే "ఆయన రోజులే వేరు" అంటున్నారు. మోటారు చప్పుడు వినగానే పిల్లలతో సహా కిందికి పరిగెత్తిన ఆ ఉదయాలు నాకూ గుర్తొస్తున్నాయి. ఏటా ఎన్నికలు పెడతానని మాటిచ్చాను, వచ్చే నెలే మళ్ళీ ఎన్నికలు. సలహా చెప్పండి.

ఇట్లు,
హైమవతి

తా.క.: మీ కుర్చీలో కూర్చుంటే నా కాళ్ళు నేలకు అందవు. స్టోర్ రూములో పెట్టించాను.

ఫరీదాబాద్

హైమా,

నీ ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకున్నాను. రమ్మన్నావు, నెలాఖరుకు వస్తాను. దండలు ఎక్కువ వద్దు. ఈలోగా ఒక మాట విను. నలభై ఇళ్ళకూ నీళ్ళిస్తే నలభైమందీ మరిచిపోతారు. పది ఇళ్ళకు అరగంట ఎక్కువిచ్చావనుకో, అది పోతుందన్న భయంతో ఆ పదిమందే మిగతా ముప్ఫైమంది నోళ్ళు మూయిస్తారు. మనం ఒక్క మాట అనక్కర్లేదు. నన్ను వాళ్ళు ఎంత ప్రేమించారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

నీ ప్రెసిడెంటు,
భీమశంకరం

తా.క.: కుర్చీ దులిపించు.

వైశాలి

బాబాయిగారికి నమస్కారాలు.

మీరు రావద్దు. సలహా అడిగానే గాని కుర్చీ ఎక్కమనలేదు. దులుపుదామని స్టోర్ రూములో దాన్ని జరిపితే, వెనక గోడ మూలన ట్యాంకుకు వెళ్ళే పైపు వాల్వు సగం మూసి కనిపించింది. పన్నెండేళ్ళూ ఆ గది తాళం మీ దగ్గరే కదా. నా చేత్తోనే మొత్తం తిప్పాను. అన్ని ఇళ్ళకూ రోజంతా నీళ్ళు. ఇన్నేళ్ళ కరువూ మీ చేతి చలవేనని తెలిసి ఒళ్ళు మండింది.

మొదటిరోజు అందరూ మిఠాయిలు పంచుకున్నారు. వారం తిరక్కుండా మెట్లు బోసిపోయాయి. కిందికి దిగేవారు లేరు, నమస్తే అనేవారు లేరు. నిన్నటి మీటింగుకు నేనూ, వాచ్‌మనూ. ఖన్నాగారు నా మీద పోటీకి నిలబడ్డారు. "నీళ్ళు వాటంతట అవే వస్తున్నాయి, ఆవిడ చేసిందేముంది?" అంటున్నారట.

ఇట్లు,
హైమవతి

తా.క.: వాల్వు ఎన్ని చుట్లు మూసేవారో తిరుగు టపాలో రాయండి.