మావయ్యగారి పేరు మీద మీరు కట్టిన మూట

ఏమండీ,

భోజనం టేబుల్ మీద ఉంది. ఒంటిమీది చొక్కా విడిచి బకెట్లో నానేయండి. సాయంత్రం వృద్ధాశ్రమంలో మీకు చేసే సన్మానానికి బీరువాలో ఉన్నవాటిలోంచి ఒకటి ఏరుకోండి.

మావయ్యగారి జ్ఞాపకార్థం ఆశ్రమానికి ఇమ్మని మీరు కట్టిన మూట విప్పి చూశాను. అన్నీ కాలర్లు చిరిగినవీ, గుండీలు ఊడినవీ! నలభై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కిన మనిషి పేరు మీద ఇచ్చేవి అవేనా? వాటిని మీ బీరువాలో సర్దేసి, మీ ఇస్త్రీ చొక్కాలన్నీ పొద్దున్నే అక్కడ ఇచ్చొచ్చాను. మైకులో మీ పేరే చెబుతారు, బెంగపడకండి. సూదీ దారం మావయ్యగారి రేకు డబ్బాలో ఉన్నాయి.

నేను ముందే వెళ్లి మొదటి వరసలో కూర్చుంటాను.

అన్నట్టు, ఆయన చివరగా మీకోసం కుట్టిన కోటు కూడా ఇచ్చేశాను. పాతకాలం ఫ్యాషనని ఒక్కసారీ తొడుక్కోలేదుగా. అక్కడి వంటాయనకి కొలిచి కుట్టినట్టు సరిపోయింది.