నా చేనులో నీ బోర్డు

తమ్ముడూ,

నువ్వు నా చేను చూపించి జనానికి అబద్ధం అమ్ముతున్నావు. మొదటి మాటే ఇలా ఉందేమిటని కాగితం పక్కన పెట్టకు. ఫోన్‌లో చెబుదామంటే నీకు నచ్చని మాట వచ్చిన చోటల్లా సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ సౌకర్యం లేదు, చివరిదాకా చదవాల్సిందే.

ఇక్కడ మేం క్షేమం. చేను మరీ క్షేమం. గొడవంతా దానితోనే. నువ్వూ, మరదలూ, పిల్లా బాగున్నారనే అనుకుంటున్నాను.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ బావ దగ్గు తగ్గింది, వాదన తగ్గలేదు. నా చేనులో నువ్వు పాతిన కంపెనీ బోర్డు నిటారుగానే ఉంది, రంగు కూడా వెలవలేదు. రంగుల విషయంలో మీ కంపెనీ నిజాయితీగానే ఉంది. "మా జింక్ మందు రెండో విడత పిచికారీ ఏ రోజు చేశావో రాసి పంపక్కా" అన్నావు. దానికి కాస్త ఆగు.

ముందు గొడుగాయన సంగతి విను. గట్టు అవతలి చేను కౌలుకు చేస్తున్నాడే, ఎండైనా మబ్బైనా చంకలో గొడుగు వదలడు, ఆయన. పోయిన పంటకు నువ్వు బస్సులో తెచ్చిన రైతుల్లో కలిసిపోయి ముందు నిలబడి నా మొక్కజొన్న ఆకును వేళ్లతో తడిమి చూశాడు. బోర్డు మీది మాట గట్టిగా చదివాడు: "నేలలో చల్లే శ్రమ వద్దు, ఆకు మీద చాలు!" నమ్మాడు. ఈసారి దుక్కిలో జింక్ సల్ఫేట్ వేయడం మానేశాడు. మొక్క మోకాలెత్తు రాకముందే మొవ్వులో ఆకులు సున్నం పూసినట్టు తెల్లగా వచ్చాయి. కణుపులు దగ్గరపడి చేనంతా గిడసబారిపోయింది. కంగారులో నీ సీసా మందు రెండింతలు కలిపి మిట్టమధ్యాహ్నం కొట్టాడు. ఉన్న ఆకులు కూడా అంచుల నుంచి మాడిపోయాయి.

మొన్న ఖాళీ సీసా పట్టుకుని భార్యతో కలిసి మా గట్టు మీదికొచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను.

"ఏమ్మా, మీ తమ్ముడి మందుకు మనుషుల్లో తేడాలున్నాయా? నీ చేనును చూసి నవ్వింది, నా చేను మీద ఉమ్మేసింది," అన్నాడు.

"మందునేమంటావులే! ఎండలో కొట్టొద్దని మొత్తుకున్నా వినకుండా, నెత్తిన గొడుగు కట్టుకుని మరీ కొట్టావు. నీకు నీడ కావాలి, ఆకుకు అక్కర్లేదా?" అని ఆవిడ విరుచుకుపడింది.

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "ఆసామి వచ్చే పంటకు చేను వేరేవాళ్లకు ఇస్తాడట. నాకు సేద్యం చేతకాదంటున్నాడు. ఒక్క మాట చెప్పు తల్లీ, నువ్వు కొట్టింది ఈ సీసానేనా?"

నీళ్లు తెస్తానని పంపు గదిలోకి వెళ్లిపోయాను.

నువ్వేమంటావో నాకు తెలుసు. "మోతాదు తప్పింది ఆయనది, సీసా మీద అన్నీ రాసే ఉన్నాయి" అంటావు. రాసే ఉన్నాయి, చీమ తలకాయంత అక్షరాల్లో. శ్రమ వద్దన్న మాట మాత్రం బోర్డు మీద మనిషెత్తున ఉంది. దీన్ని పొరపాటు అనరు, పద్ధతి అంటారు. ఆకు మీద మందు దండగని నేననను. మొక్క లేతగా ఉండగా లోపం కనబడితే, చల్లపూట, సరైన పాళ్లలో కొడితే అది ఆదుకుంటుంది. కానీ నేలలోనే లేనిదాన్ని ఆకు మీద తడిపి పంటంతా నడిపిస్తాననడం, ఆకలితో ఉన్నవాడి పెదాలు తడిపి భోజనం అయిందనడమే.

ఇదంతా నాకు నేర్పిందెవరు? కాలేజీ సెలవుల్లో ఇదే గట్టు మీద కూర్చుని, "ఆఖరి దుక్కిలో జింక్ వెయ్యక్కా, భాస్వరం ఎరువుతో మాత్రం కలపకు, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని మొక్కకు అందకుండా పోతాయి" అన్నది నువ్వు కాదూ? అప్పటినుంచీ అలాగే వేస్తున్నాను. బోర్డు పాతిన రోజు, నేలలో ఏం వేశావని నువ్వు అడగలేదు. అడిగితే బోర్డు నిలబడదు. పైగా రైతు పేరని మీ బావ పేరు రాయించావు. ఆయన చేలోకి వచ్చేది నాకు అన్నం క్యారియర్ ఇవ్వడానికి! చేసేదెవరో, వేసిందేమిటో అడగకుండా ఫొటో తీసుకుపోవడం మీద నడుస్తోంది మీ వ్యాపారం.

ఇక నీ ప్రశ్న. రెండో విడత ఏ రోజూ చేయలేదు. మొదటి విడతా చేయలేదు. పోయిన పంటకూ చేయలేదు. అప్పుడిచ్చిన సీసాలూ, ఈసారి పంపినవీ పంపు గదిలో గోనెపట్టా కింద ఉన్నాయి. ఒక్కదాని మూత కూడా తీయలేదు. మొదట గాలి ఎక్కువగా ఉందని ఆగాను, తర్వాత వాన పట్టుకుంది. వాన వెలిశాక చూస్తే ఆకు నిగనిగలాడుతోంది. జబ్బు లేనిదానికి మందేమిటని ఊరుకున్నాను. నీకు చెప్పేలోపే బస్సు వచ్చేసింది. "ఇది మా అక్క చేతి చలవ కాదండోయ్, మా సీసా మహిమ!" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ప్రదర్శన గట్టెక్కితే ఉద్యోగం పర్మినెంటు అవుతుందని ముందురోజే చెప్పి ఉన్నావు మరి. ఎక్కడ అన్యాయం జరిగినా గొంతు చించుకునేదాన్ని, సొంత తమ్ముడి దగ్గరికొచ్చేసరికి పళ్లికిలించి నిలబడ్డాను. గొడుగాయన బోర్డు ఒక్కటే చూసి నమ్మలేదురా. దాని పక్కన నవ్వుతున్న నన్ను చూసి నమ్మాడు.

ఇది చదివి నా బతుకు మీద దెబ్బకొట్టావక్కా అంటావు. కొట్టానేమో. కానీ అవతల ఆయన చేను పోతోంది.

వచ్చే వారం మళ్లీ బస్సు తెస్తానన్నావు. తీసుకురా. నాకు కావలసినవి ఇవీ:

ఈ చేనుకు జింక్ నేలలో వేశారనీ, ఆకు మీద ఒక్క చుక్క పడలేదనీ బస్సు దిగినవాళ్లకు నువ్వే చెప్పాలి. చెప్పకపోతే సీసాలు గట్టు మీద పేర్చి నేను చెబుతాను.

బోర్డు నీ చేతులతో పీకాలి.

గొడుగాయన చేలో మట్టి నువ్వే తీసి పరీక్షకు పంపాలి. వచ్చిన ఫలితం ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలి.

ఆసామి ఇంటికి వెళ్లి, తప్పు కౌలుదారుది కాదు, మాది అని చెప్పాలి.

ఆ మాట చెప్పేటప్పుడు నన్ను నీ పక్కన నిలబడనివ్వాలి.

ఇట్లు,
నీ కోపానికి సిద్ధపడే రాసిన
మీ అక్క