బుధవారం సూదులు

శాన్ ఫ్రాన్సిస్కో,
ఫిబ్రవరి 2, 1989

పూజ్యులైన బాబాయికి నళిని నమస్కారాలు.

మీరు రేణు అక్క దగ్గరికి పిస్కాటవే వచ్చారని తెలిసి సంతోషించాను. ఇక్కడ ఆస్పత్రిలో నా నర్సు పని మామూలే. అది కాక బుధవారం సాయంత్రాలు ఇంకో పని పెట్టుకున్నాను. మేం అయిదారుగురం ఒక సందు చివర నిలబడి, ఇల్లూ వాకిలీ లేనివాళ్లకి సూదులు ఇస్తాం. వాడిన పాత సూది తెస్తే కొత్తది. చట్టం ఒప్పుకోదు కనక పసిపిల్లల తోపుడుబండిలో దాచి తీసుకెళ్తాం. ముప్ఫయ్యేళ్లు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా చేసిన మీకు దీని విలువ నేను చెప్పక్కర్లేదు.

మీ
నళిని

తా.క.: అమ్మకి రాయకండి. చలిలో నిలబడుతున్నానని తెలిస్తే స్వెట్టర్లు పంపిస్తుంది.

పిస్కాటవే,
ఫిబ్రవరి 11

చిరంజీవి నళినికి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం రేణుకీ అల్లుడికీ చదివి వినిపించాను. బీదవాళ్లు తమ బట్టలు తాము కుట్టుకునేట్టు చేయడం ఎంత మంచి పని! దీనికి పోలీసులు అడ్డేమిటో అర్థం కాలేదు. ఈ దేశంలో చిరిగిన ప్యాంట్లు ఫ్యాషనని రేణు అంటుంది, బహుశా అందుకేనేమో. ఎడిసన్‌లో మన తెలుగు సంఘం ఆడవాళ్లందరినీ అడిగి రెండువందల సూదులు, పన్నెండు దారపు ఉండలు, ఒక డబ్బా గుండీలు పోగుచేశాను. పార్సెల్ పంపుతున్నాను.

ఆశీస్సులతో
కొండల్ రావు

తా.క.: సూది పోయినవాడు పాతది ఎక్కణ్ణించి తెస్తాడు? ఆ రూలు కాస్త సడలించు.

శాన్ ఫ్రాన్సిస్కో,
ఫిబ్రవరి 20

బాబాయికి నమస్కారాలు.

పార్సెల్ అందింది. మా వాళ్లంతా పగలబడి నవ్వారు. బాబాయ్, అవి కుట్టు సూదులు కావు, ఇంజెక్షన్ సూదులు. డ్యూటీకి టైమైంది, వివరంగా తర్వాత రాస్తాను.

నళిని

తా.క.: గుండీలు మాత్రం అరగంటలో అయిపోయాయి.

పిస్కాటవే,
మార్చి 1

చిరంజీవి నళినికి,

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. టీకాలు వేస్తున్నావన్నమాట! మశూచి రోజుల్లో నేను వస్తున్నానంటే మధిర చుట్టుపక్కల జనం గడ్డివాముల్లో దాక్కునేవాళ్లు. ఒకావిడ నన్ను రోకలితో తరిమింది. నీ దగ్గరికి వాళ్లే వచ్చి వరసలో నిలబడుతున్నారంటే అది నీ చేతి చలవ. పాత సూదులెందుకు తెస్తారో అంతుపట్టలేదు గానీ, అమెరికాలో దేనికైనా ఎక్స్ఛేంజ్ ఉంటుందని అల్లుడు అన్నాడు. సంఘం ప్రెసిడెంటు అప్పారావు గారితో చెప్పాను. ఉగాది సభలో నీకు సన్మానం. శాలువా కొనేశారు.

కొండల్ రావు

తా.క.: ఆహ్వానపత్రంలో నీ పేరు ముందు ‘టీకాల తల్లి’ అని వేయించాను. అప్పారావు గారు ‘అమ్మవారు’ అనమన్నారు, నేనే వద్దన్నాను.

శాన్ ఫ్రాన్సిస్కో,
మార్చి 9

బాబాయికి,

తప్పు నాదే, మొదటే విడమరిచి రాయాల్సింది. మా దగ్గరికి వచ్చేవాళ్లు హెరాయిన్ ఎక్కించుకునేవాళ్లు. దుకాణాల్లో డాక్టరు చీటీ లేకుండా సూది అమ్మరు. అందుకని ఒకే సూది నలుగురు వాడతారు, ఎయిడ్స్ నలుగురికీ వస్తుంది. కొత్త సూది ఇస్తే ఆ ఒక్కటన్నా ఆగుతుంది. మానేయాలన్న బుద్ధి పుట్టేదాకా మనిషి బతికి ఉండాలి కదా?

పోయిన బుధవారం నన్నూ ఇంకొకామెనీ అరెస్టు చేశారు. నాలుగు గంటలు కూర్చోబెట్టి పంపేశారు. ఏప్రిల్లో కోర్టు. శిక్ష పడితే నర్సు లైసెన్సు పోవచ్చు. సన్మానం ఆపించండి.

నళిని

తా.క.: మా బండిలో నిజంగానే పాపాయి ఉందనుకుని ఆ పోలీసాయన చాలాసేపు గుసగుసగా మాట్లాడాడు.

పిస్కాటవే,
మార్చి 18

నళినికి,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం ముట్టలేదు. రోగం రాకుండా చూడటం నా ఉద్యోగం, విషం ఎక్కించుకునేవాడికి సామాను అందించడం కాదు. సూదులు దొరికితే అలవాటు లేనివాడికి కూడా ఆ బుద్ధి పుట్టదా? మీ నాన్న ఉంటే ఏమనేవాడు?

హాలు తీసుకున్నాం కనక సన్మానం బదులు చర్చ పెట్టమని అప్పారావు గారు అన్నారు. ‘మత్తుమందు వాడేవారికి సూదులివ్వడం సేవా, నేరమా?’ నేరమని నేను మాట్లాడుతున్నాను. నీ మీద కోపంతో కాదు, సూత్రం కోసం.

కొండల్ రావు

తా.క.: శాలువా వాపసు తీసుకోరట. ఆహ్వానపత్రాల్లో ‘టీకాల తల్లి’ మీద కాగితం అంటిస్తున్నాం. అయినా కనిపిస్తోంది.

శాన్ ఫ్రాన్సిస్కో,
మార్చి 27

బాబాయికి,

తప్పకుండా మాట్లాడండి. మీరు మాట్లాడకపోతే ఇంకొకరు ఇంతకన్నా ఘోరంగా మాట్లాడతారు. నాన్న ఉంటే నన్ను తిట్టి, కోర్టుకి మాత్రం తోడొచ్చేవాడు.

నళిని

తా.క.: అన్నం మానకండి. షుగరు పడిపోతుంది.

పిస్కాటవే,
ఏప్రిల్ 26

చిరంజీవి నళినికి బాబాయి ఆశీస్సులు.

కేసు కొట్టేశారని రేణు చెప్పింది. మనసు కుదుటపడింది.

ఇక సభ సంగతి. ఆదివారం మధ్యాహ్నం, ఎడిసన్‌లో బడి క్యాంటీను, అరవైమంది జనం. ఏడు పాయింట్లు రాసుకెళ్లి ఇరవై నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు బాగానే పడ్డాయి. అప్పారావు గారి భార్య సీతమ్మగారు వెనక పులిహోర వడ్డిస్తోంది. గరిటె కింద పెట్టి ముందుకొచ్చింది.

“కొండల్ రావు గారూ, ఒక్క మాట. మా రవికుమార్ శాంటా క్లారాలో ఉద్యోగం చేస్తున్నాడని అందరికీ చెప్పుకున్నాం. వాడు మా బేస్‌మెంట్‌లోనే ఉన్నాడండీ. రెండేళ్లయింది.”

“సీతా, కూర్చో,” అన్నారు అప్పారావు గారు.

“కూర్చునే ఉన్నానండీ, రెండేళ్లుగా. వాడు సూది గుచ్చుకున్నాక ఊపిరి తీస్తున్నాడో లేదో చూస్తూ, పక్కనే కుర్చీ వేసుకుని. రెండుసార్లు ఆగిపోయింది. రెండుసార్లూ నేనుండబట్టి అంబులెన్స్ వచ్చింది. ఆ సూదులు ఉడకబెట్టేది కూడా నేనే. ఆ గిన్నె వేరు, ఇడ్లీ గిన్నె వేరు, ఎవరూ కంగారుపడకండి. ఇప్పుడు మీరు చెప్పండి. ఇది నేరమైతే, ఆ కుర్చీ తీసేసి పైకొచ్చి పడుకోనా?”

నా కాగితంలో ఏడు పాయింట్లూ మళ్లీ చూశానమ్మా. తిరగేసి కూడా చూశాను.

“తీయకండి,” అన్నాను.

ఓటింగు జరగలేదు. పులిహోర దగ్గరికి కాసేపు ఎవరూ వెళ్లలేదు. చివరికి అప్పారావు గారే పళ్లెం తీసుకుని వెళ్లి, ఆవిడ ముందు నిలబడి పెట్టించుకున్నారు.

ఇప్పుడు మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం పూట ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఆవిడ పైన నిద్రపోతుంది. రవికుమార్ మర్యాదస్తుడు. “అంకుల్, యూ డోంట్ హావ్ టు డూ దిస్,” అన్నాడు. “నాకు వేరే పనేముంది బాబూ,” అన్నాను. మత్తు మాన్పించే చికిత్సకి అతని పేరు రాయిస్తే నాలుగు నెలలు ఆగాలన్నారు. అందుకని నా తిరుగు ప్రయాణం వాయిదా వేశాను. సూత్రం మాటకొస్తే, నీతో పూర్తిగా ఏకీభవించానని అనుకోకు.

ఆశీస్సులతో
కొండల్ రావు

తా.క.: ఊపిరి నిమిషానికి ఎన్నిసార్ల కంటే తగ్గితే అంబులెన్స్ పిలవాలి? ఎనిమిది అని సీతమ్మగారు, పది అని నేను. రోజూ వాదించుకుంటున్నాం. వెంటనే ఫోన్ చేయి, ఉత్తరం రాయకు.